పాతది పెట్టు, కొత్తది పట్టు

ఆ ఫ్యాక్టరీలో స్టోరు కిటికీ దగ్గర కూర్చునే మనిషిని అందరూ వదిన అనే పిలిచేవారు. కుర్రాళ్ళూ అంతే, నెరిసిన తలలవాళ్ళూ అంతే, గేటు కాపలావాడూ అంతే. ఆవిడ మొగుడు బతికున్న రోజుల్లో అందరికీ అన్న. లేతు మిషను మీద పనిచేస్తూ ఒక మధ్యాహ్నం గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. జాలిపడి ఆవిడకి స్టోర్లో పని ఇచ్చారు. అన్న పోయినా అలా వదిన మిగిలింది.

వదినకి పిల్లలు లేరు. కన్నపిల్లలు లేరని అర్థం. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి మరిది ఇంకా నిక్కర్లు జారిపోకుండా చేత్తో పట్టుకుని తిరిగే వయసులో ఉన్నాడు. తల్లి లేని పిల్లాడు. వాడి ముక్కు తుడిచింది ఆవిడే, బడికి పంపింది ఆవిడే, ఆ బడి అబ్బకపోతే వీపు విమానం మోత మోగించిందీ ఆవిడే. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి, పెళ్ళయింది, ఒక ఆడపిల్లకి తండ్రయ్యాడు. అయినా ఆవిడ నోట వాడు చిన్నోడే. ఈ కథంతా ఆ చిన్నోడి ఊపిరి కోసం ఆవిడ పడ్డ పాట్లు. పాట్లు పడి ఆవిడ చేసిన పని.

దానికి ముందు ఒక ఇంగ్లీషు మాట సంగతి చెప్పాలి. అది లేకపోతే ఈ గొడవే లేదు.

వెనకటికి ఆ స్టోరుకి రెండు గదులు. వదిన కంటే ముందు అక్కడ కూర్చున్న ముసలాయన వాటిని ఉండేవి, పోయేవి అనేవాడు. సుత్తి, పానా, జాకీ ఉండేవి. గరుకు కాగితం, చేతులు తుడుచుకునే గుడ్డపీలికలు, గ్రీజు పోయేవి. ఉండేవి తీసుకున్నవాడు సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. పోయేవి తీసుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. పసిపిల్లకి చెప్పినా అర్థమయ్యే పద్ధతి.

తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూనే రెండు గదులకీ రెండు బోర్డులు కొట్టించాడు. ఉండేవాటి మీద అసెట్స్ అని, పోయేవాటి మీద కన్స్యూమబుల్స్ అని. అంతటితో ఊరుకోక అందర్నీ షెడ్డులో నిలబెట్టి ఆ కన్స్యూమబుల్ మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. అది లాటిన్‌లో పుట్టిందట. అక్కడ దాని అర్థం మొత్తంగా తీసేసుకోవడమట. ఇంగ్లీషులోకి వచ్చాక నిప్పు ఇల్లు తినేసినా అదే మాట, మనిషి తిండి తినేసినా అదే మాట. ఒకప్పుడు ఊపిరితిత్తుల్ని తినేసే క్షయకి కూడా ఇంగ్లీషువాళ్ళ దేశంలో అదే పేరట, కన్సంప్షన్ అని. ఆనక వ్యాపారస్తుల చేతిలో పడి, కొని వాడేసే ప్రతి సరుకుకీ అదే పేరయిందట.

"చూశారా, జబ్బు పేరు కాస్తా సరుకు పేరైంది!" అని మేనేజరు నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు.

మాట మాత్రం జనానికి తెగ నచ్చింది. నోరు తిరిగినంత మేరకు తిప్పుకుని కన్సూమబులు చేసుకున్నారు. చెప్పు తెగితే కన్సూమబులైపోయిందనేవాళ్ళు. "మా బావమరిది వచ్చాడు, ఇంట్లో పంచదార కన్సూమబులు" అనేవాళ్ళు. టీ కొట్టువాడు సైతం గ్లాసు పగలగొట్టినవాణ్ణి ఆ మాటతోనే తిట్టేవాడు. ముచ్చటగానే ఉండేది.

కానీ ఆ మాటకి ఆకలెక్కువ. గుడ్డపీలికలతో మొదలుపెట్టింది. చేతి తొడుగులు ఉండే గదిలోంచి పోయే గదిలోకి వచ్చాయి. ఆ వెనకే కళ్ళద్దాలు, ఆ వెనకే మాస్కులు. వాడకం తగ్గాలని మేనేజరు ఒక రూలు పెట్టాడు. అరిగిపోయింది తెచ్చి బల్ల మీద పెడితేనే కొత్తది ఇవ్వాలి. వదిన దాన్ని ఒక్క ముక్కలో చెప్పేది, "పాతది పెట్టు, కొత్తది పట్టు" అని. ఆయనకి అది ఎంత నచ్చిందంటే పెయింటర్ని పిలిచి స్టోరు కిటికీ నెత్తిన ఎర్రక్షరాలతో రాయించాడు. వదిన ఇంటికెళ్ళి మరిదికి చెప్పుకుని మురిసిపోయింది.

తర్వాత మనుషుల వంతు వచ్చింది. కొత్తగా మనుషుల్ని తీసుకోవద్దని పైవాళ్ళు గట్టిగా చెప్పారు. పని ఆగకూడదనీ చెప్పారు. మేనేజరు బుర్ర గోక్కుని దారి కనిపెట్టాడు. మనుషుల్ని తీసుకోవద్దన్నారు గానీ సరుకు తెప్పించుకోవద్దనలేదుగా! కూలీల్ని తెచ్చే మేస్త్రీకి చెప్పి, ఇసుక షెడ్డుకి కావలసినవాళ్ళని స్టోరు చీటీ మీద తెప్పించాడు. గరుకు కాగితం కోసం రాసే చీటీయే. హెల్పరు, కన్స్యూమబుల్ అని రాసి ఉంటుంది. వదిన స్టాంపు వెయ్యాలి.

మొదటి చీటీ చూసి వదిన పకపకా నవ్వింది. "మేస్త్రీ గారూ, ఈ మనిషిని ఏ అరలో సర్దమంటారు?"

"పై అరలో పెట్టు వదినా, ఎలకలు కొట్టకుండా," అన్నాడు మేస్త్రీ. ఆవిడ స్టాంపు వేసింది. వరుసగా వేస్తూనే పోయింది. ఒకరోజు చిన్నోడి చీటీ వచ్చింది. అప్పటికి వాడు పనిలేక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నాడు. ఆవిడ దాని మీద ఇంకాస్త గట్టిగా, అందంగా పడేలా స్టాంపు వేసింది.

ఇసుక షెడ్డంటే ఏమిటో చూస్తే గానీ తెలీదు. తుప్పు పట్టిన పోత ఇనుము సామాన్ల మీదికి గొట్టంతో, గాలి జోరుతో, ఇసుకని కొడతారు. తుప్పు రాలి ఇనుము తెల్లగా బయటపడుతుంది. ఇసుక పొడై పొగలా లేస్తుంది. ఎదుటివాడు కనపడడు. కంపెనీ మనుషులు ఆ పని చేసినన్నాళ్ళూ వాళ్ళకి గొట్టం టోపీలుండేవి. తలంతా కప్పే టోపీ, వెనక నుంచి మంచి గాలి వచ్చే గొట్టం. మేస్త్రీ మనుషులకి మాత్రం ముక్కు మాస్కు, దానికి అటొకటి ఇటొకటి గుండ్రటి బిళ్ళలు. గాలి ఆ బిళ్ళల్లోంచే వడగట్టుకుని రావాలి.

వదిన ఊరుకోలేదు. మేనేజరు గదిలోకి వెళ్ళి అడిగింది. "టోపీలు ఆ గదిలో దుమ్ము కొట్టుకుని పడున్నాయి సార్. మా చిన్నోడికి ఒకటి ఇవ్వమంటారా?"

మేనేజరు ఆవిడని కూర్చోబెట్టి మరీ నచ్చచెప్పాడు. "టోపీ అసెట్ అమ్మా. దాన్ని ఒక మనిషి పేరు మీద ఇవ్వాలి. వాడు కన్స్యూమబుల్ కింద వచ్చాడు. కన్స్యూమబుల్ మీద అసెట్ ఎలా ఇస్తాం? సుత్తిని గుడ్డపీలిక పేరు మీద ఇస్తావా నువ్వు?"

అడిగిన తీరు చూస్తే న్యాయంగానే తోచింది వదినకి. ఆయన మొహాన ఉమ్మెయ్యాల్సిన మాటకి తలూపి వచ్చింది. అదిగో అక్కడే ఆవిడ తెలివి పనిచెయ్యడం మొదలుపెట్టింది. టోపీ ఇవ్వలేను, పోనీ బిళ్ళలైనా మంచివి ఇస్తాను అనుకుంది.

కొత్త బిళ్ళ పెట్టుకుంటే సగం రోజుకే పూడుకుపోతుంది. ఊపిరి పీల్చడం గోడలోంచి పీల్చినట్టుంటుంది. పాతది తెచ్చి బల్ల మీద పెడితే ఆవిడ కొత్తది ఇస్తుంది, కానీ బిళ్ళల వాడకం పెరిగిందని మేనేజరు అరుస్తాడు. అందుకని ఆవిడ పాత బిళ్ళల్ని పారేయకుండా దులిపి, సబ్బునీళ్ళలో నానేసి, చేత్తో మెత్తగా పిండి, స్టోరు వెనక తీగ మీద ఆరేసింది. ఆరినవాటిల్లో మెత్తటివి ఏరి చిన్నోడికి ఇచ్చింది. సాయంత్రం వాడు మొహమంతా బూడిద గుమ్మడికాయలా తెల్లగా చేసుకుని వచ్చి, "వదినా, నీ చేతిలో ఏముందో గానీ, కొత్తదానికంటే నువ్వు ఉతికిందే నయం. ఊపిరి హాయిగా ఆడింది," అన్నాడు.

ఆ మాటకి ఆవిడ పొంగిపోయింది. ఇంక చెప్పాలా! రోజూ ఉతికింది. రెండేసిసార్లు, మూడేసిసార్లు ఉతికినవి ఇంకా మెత్తగా ఉంటాయని వాటిని విడిగా ఒక డబ్బాలో దాచి చిన్నోడికే ఇచ్చింది. మిగతా కుర్రాళ్ళు కూడా, "మాకూ కడిగినవి ఇవ్వు వదినా, కొత్తవి ఊపిరాడనివ్వవు," అని కిటికీ దగ్గర బతిమాలేవాళ్ళు. బతిమాలితే కరిగే మనిషి, వాళ్ళకీ ఒకసారి ఉతికినవి ఇచ్చేది. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అంటారు. ఆవిడ మాత్రం అయినవాడికి కంచంలో పెడుతున్నాననుకుంది.

కొత్త బిళ్ళల పెట్టెలు కదలకుండా అలాగే పేరుకుపోయాయి. మేనేజరు ఆవిడని అందరి ముందూ మెచ్చుకుని ఒక షీల్డు ఇచ్చాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో చిన్నోడే గట్టిగా కొట్టాడు. కొడుతూ కొడుతూ దగ్గాడు.

ఆ దగ్గు తగ్గలేదు. మొదట జలుబన్నారు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, తర్వాత కూతుర్ని ఎత్తుకుంటే ఆయాసం. భుజాల మీద చొక్కా వేలాడసాగింది. మేస్త్రీ తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన రొమ్ము మీద గొట్టం పెట్టి చూసి క్షయ అన్నాడు.

ఇంట్లో అందరూ ఏడవాలి కదా? వదిన ఊపిరి పీల్చుకుంది. ఎందుకంటే క్షయకి మందుంది. బిళ్ళలు మింగితే పోతుంది. వాడి పెళ్ళాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "పిచ్చిదానా, ఏడుస్తావేం? మా మేనత్తకి వచ్చింది, తగ్గి ముసలిదై చచ్చింది. కడుపునిండా తిండి పెట్టు, టైముకి మందులెయ్యి, అంతే," అంది. ఒకప్పుడు ఆ జబ్బుకీ కన్సూమబులనే పేరుండేదని మేనేజరు చెప్పిన సంగతి గుర్తొచ్చి, అదీ నవ్వుతూ చెప్పింది. చిన్నోడు కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

మందులు మింగుతూనే పనికి పోయాడు. మానమంటే, "మానితే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు వదినా," అన్నాడు. ఆవిడ ఇంకా మెత్తటి బిళ్ళలు ఏరింది. జబ్బుమనిషికి ఊపిరి తేలిగ్గా ఆడాలి కదా మరి!

మందులన్నీ అయిపోయాయి. మనిషి సగమయ్యాడు. ఇక లాభం లేదని వదిన సెలవు పెట్టి వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ బల్ల వెనక కూర్చున్న డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ తొందరపడే మనిషి కాదు. ఎక్స్‌రే ఫిల్ము తీయించి, వెలిగే తెల్లటి పెట్టెకి తగిలించి చాలాసేపు చూసింది. రొమ్ము నిండా మంచు కురిసినట్టు చుక్కలు.

"ఇది క్షయ కాదమ్మా," అంది. "ఇసుక. లోపల పేరుకుపోయింది. దీనికి మందు లేదు."

వదినకి ఆ మాట ఎక్కలేదు. "లేదండీ, క్షయే. మందులు కూడా వాడాం. మళ్ళీ చూడండి. క్షయే అయ్యుంటుంది," అని బతిమాలింది. జబ్బు ఇమ్మని ఎవరైనా అలా బతిమాలతారా? ఆవిడ బతిమాలింది.

"పనిలో మూతికి ఏం కట్టుకునేవాడు?"

వదిన గబగబా చిన్నోడి సంచీలోంచి మాస్కు తీసింది. "ఇదిగోండి. ఒక్కరోజు కూడా ఇది లేకుండా షెడ్డులోకి పోలేదు. బిళ్ళలు నేనే కడిగి ఇస్తానండీ, సబ్బు పెట్టి. ఊపిరి హాయిగా ఆడుతుంది," అంది. ఆ గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది.

డాక్టరమ్మ బిళ్ళ ఊడదీసి ఆ తెల్లటి వెలుతురు ముందు పట్టింది. బిళ్ళ నిండా వెలుతురు. పలచబడ్డ పాత పంచెలోంచి కనిపించినట్టు అవతలి వెలుగంతా కనిపించింది.

"వీటిని కడగకూడదమ్మా," అంది మెల్లగా. "దుమ్ము పట్టేకొద్దీ ఊపిరి బరువవుతుంది. బరువైందంటే అది పనిచేస్తోందని. తేలిగ్గా ఆడుతోందంటే గాలితో పాటు ఇసుక కూడా లోపలికి పోతోందని."

చిన్నోడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వదిన ఆ బిళ్ళని డాక్టరమ్మ చేతిలోంచి తీసుకుని తనూ వెలుతురుకి పట్టి చూసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు అని ఉంటుందో ఆవిడ. అది తన ఇంటి కథ అవుతుందని కలగన్నదా? డబ్బా గుర్తొచ్చింది. మూడేసిసార్లు ఉతికి, మెత్తటివి ఏరి, ఎవరికీ ఇవ్వకుండా దాచిన డబ్బా.

ఇంటికొచ్చాక వాణ్ణి మంచం మీద దిళ్ళకి ఆనించి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరాడదు. తోడికోడలు పిల్లని తీసుకుని నీళ్ళకి వెళ్ళింది. వదిన మంచం పక్కన నేలమీద కూలబడింది.

"చిన్నోడా, నీ ఊపిరి తీసింది నేనేరా," అంది. బిళ్ళల సంగతంతా చెప్పింది. డొంకతిరుగుడు లేకుండా, తనని తాను కాపాడుకునే ముక్క ఒక్కటీ కలపకుండా చెప్పింది.

వాడు విని కళ్ళు మూసుకున్నాడు. "తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మొదట్లోనే తెలుసు వదినా. సాయంత్రం మాస్కు తీస్తే... పెదాల మీద ఇసుక. పళ్ళ కింద కరకర. కొత్త బిళ్ళ పెట్టుకున్న రోజు... ఉండేది కాదు."

"మరి చెప్పి చావలేదేంరా!" అని అరిచింది వదిన. అరిచి నాలుక్కరుచుకుంది.

చిన్నోడు నవ్వాడు. ఆ నవ్వుకి కూడా ఆయాసపడ్డాడు. "కొత్తవి అడిగితే... వాడకం పెరిగిందని ఆయన నీ మీద అరుస్తాడన్నావుగా. నీ పని పోతే... మనందరం ఏమవుతాం? పైగా..." ఊపిరి కూడదీసుకున్నాడు. "అంత ముచ్చటపడి ఉతుక్కొచ్చేదానివి. ఇసుకే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నా."

చిన్నప్పటిలా వీపు మీద ఒక్కటి ఇద్దామని వదిన చెయ్యెత్తింది. ఎక్కడ వెయ్యాలి? వీపంతా ఎముకలే. ఎత్తిన చెయ్యి వాడి తలమీద పెట్టి, అప్పుడు ఏడ్చింది. ఇంటి చుట్టుపక్కల వాళ్ళు పరిగెత్తుకొచ్చేలా ఏడ్చింది.

వాడు ఆ నెల దాటలేదు. చివరి రెండు రోజులూ మాట లేదు, గొంతులో ఈల ఒక్కటే. పిల్ల దాన్ని ఆట అనుకుని తనూ ఈల వేసింది. ఎవరూ వద్దనలేదు.

కర్మకాండ ముగిశాక వదిన పనిలోకి వెళ్ళింది. నేరుగా స్టోరు వెనక్కి పోయింది. తీగ మీద తను ఆరేసిన బిళ్ళలు అలాగే వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ తీసి కత్తెరతో నాలుగు ముక్కలు చేసింది. డబ్బాలోవీ చేసింది. వేలు తెగింది, ఆగలేదు. తర్వాత కొత్త బిళ్ళల పెట్టెల్ని ఈడ్చుకొచ్చి బల్ల మీద విప్పింది.

కిటికీ బయట ఇసుక షెడ్డువాళ్ళు వరుస కట్టారు. ఆవిడ పాతవి అడక్కుండానే ఒక్కొక్కడికీ దోసెడు కొత్త బిళ్ళలు పోసింది. సగం రోజుకొకటి మార్చమంది. ఎందుకో కూడా చెప్పింది, చిన్నోడితో చెప్పినట్టే, ఏమీ దాచకుండా. కొందరు తలొంచుకున్నారు. ఒకడు మాత్రం బిళ్ళ ముక్కుకి ఆనించి చూసుకుని, "ఇది పెట్టుకుంటే పని సాగదు వదినా. కడిగినవి ఒక్క రెండు లేవా?" అన్నాడు.

"ఊపిరాడకపోతే గొట్టం కింద పడేసి బయటికొచ్చి నిలబడు," అంది వదిన. "హాయిగా ఆడేది మాత్రం నా దగ్గర ఇంక లేదు."

అప్పుడే మేస్త్రీ వరుస తప్పించుకుని ముందుకొచ్చాడు. మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని, "చాలా అన్యాయం జరిగింది వదినా. బంగారంలాంటి కుర్రాడు," అన్నాడు. ఆ చేత్తోనే చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. హెల్పరు ఒకటి, కన్స్యూమబుల్. ఎద్దు పుండు కాకికి ముద్దా?

వదిన చీటీ చదివింది. స్టాంపు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పాతది పెట్టు," అంది.

"ఏంటి వదినా?"

"తలెత్తి చదువు. నీ నెత్తినే ఉంది, ఎర్రగా. పాతది పెడితేనే కొత్తది."

మేస్త్రీ నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. "భలేదానివే. మనిషి కదా వదినా."

"అవునా? అయితే ఆ మాట ఈ చీటీ మీద రాయించుకురా. మనిషి అని రాసి మేనేజరు సంతకం పెట్టమను. అదిగో, ఆ గదిలో గొట్టం టోపీలున్నాయి, వాడి నెత్తిన నేనే పెట్టి పంపిస్తాను. లేదు, సరుకే అంటావా? సరుకైతే రూలు రూలే. పోయి పాతది తెచ్చి ఈ బల్ల మీద పెట్టు."

"వదినా, నీ పని పోతుంది."

"పోనీ. అది పోకూడదని ఇసుక మింగినవాడే పోయాడు."

మేస్త్రీ చీటీ వెనక్కి తీసుకోలేదు. కదలకుండా నిలబడ్డాడు. వరుసలో వెనకాల ఎవరో దగ్గారు, ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ దగ్గారు.

"నువ్వు పక్కకి జరుగు మేస్త్రీ," అంది వదిన. "ముందు ఆ దగ్గేవాణ్ణి రానీ."